చెనిక్కాయ పెరికే నడుములు

"నిన్నటిదాకా బాగానే ఉంటి, బిందె ఎత్తుతానే పట్టేసింది" అంటారు మా వైపు ఆడవాళ్లు. నింద బిందె మీదికి పోతుంది. నా అనుమానం మాత్రం చెనిక్కాయ చేని మీదే.

అనంతపురం ఎర్రనేలలో పదునుంటే చెట్టు గుంజగానే కాయలతో సహా వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే సీమ ఇది. పెరికే వేళకు వాన మొహం చాటేస్తే నేల బిగుస్తుంది, గుంజుడు పెరుగుతుంది. మరీ గట్టిపడితే గుంటక తోలి, దాని వెనకే వంగి మట్టిలో తెగిన కాయలు ఏరుకోవాలి. కరువు లెక్కల్లో పంట నష్టం రాస్తారు, బీమా రాస్తారు. నడుముకు గడి లేదు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌లో నీరు పట్టిన గుజ్జు, దాని చుట్టూ పొరలు పొరలుగా నార. వంగితే వెనకవైపు నార సాగుతుంది. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ డిస్క్‌లోకి సూది దించి కొలిచాడు. నిలబడినప్పటికన్నా ముందుకు వంగినప్పుడే ఒత్తిడి ఎక్కువని తేలింది. చిక్కేమంటే, నొప్పి తెలిపే నరాలు ఆ నారకు బయటి అంచునే ఉంటాయి. లోపలి పొరలు ఏళ్ల తరబడి చిట్లుతున్నా కబురందదు. రక్తనాళాలూ అక్కడికి పోవు, అందుకే మానడమూ ఆలస్యమే. అట్లని అరిగిన ప్రతి డిస్కూ నొప్పి పెట్టదు. ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి స్కాన్‌లో అరుగుదల కనిపిస్తుందని 2015లో అచ్చయిన ఒక సమీక్ష లెక్కగట్టింది. స్కాన్ చూసి బెదిరేవాళ్లన్నా, నొప్పి లేదు గదా అని ధీమాగా ఉండేవాళ్లన్నా నాకు ఒకటే చికాకు.

రాత్రి పడుకున్నప్పుడు డిస్క్ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. లేచిన మొదటి గంటలో వంగితే దాని మీద పడే భారం మిగతా రోజుకన్నా ఎక్కువ. మా కూలీలు ఎండకు జడిసి సరిగ్గా అప్పుడే సాలు పడతారు. మునుపు చేనిదాకా నడిచి పోయేవాళ్లు, ఆ నడకలోనే ఉబ్బు కొంత దిగేది. ఇప్పుడు ఆటోలో ముడుచుకుని కూచుని, దిగీ దిగగానే వంగుతున్నారు.

చేనికి కాస్త ఇవతలే దిగి నడవరాదా అని, గుంపును పిలుచుకొచ్చే అక్కను అడిగాను.

"నడిచినంత సేపటికి కూలి ఎవరిస్తారన్నా?" అంది.