రసీదులో రాయని బకాయి

ఢిల్లీలో పాత ఫ్లాట్ కొనే తెలుగువాళ్లు ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, తర్వాత ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఊళ్లో పెద్దలు నేర్పిన పద్ధతి అది, మంచిదే. కాకపోతే ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. ఇంటి పన్ను ఏళ్ల తరబడి కట్టలేదన్న సంగతి అందులో ఉండదు. ఆ మాట ఎత్తితే ప్రాపర్టీ డీలర్ నిరుటి రసీదు ఒకటి ముందు పెట్టి, "హౌస్ ట్యాక్స్ క్లియర్ సార్" అంటాడు. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

నిజానికి తీరిగ్గా చదవాల్సిన కాగితం అదే.

ఢిల్లీ కార్పొరేషన్ 2004 నుంచి యూనిట్ ఏరియా పద్ధతిలో పన్ను వేస్తోంది. కాలనీలను ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది వర్గాలు చేశారు. వసంత్ విహార్ లాంటి ఏ వర్గం కాలనీలో చదరపు మీటరుకు 630 రూపాయల విలువ, హెచ్ వర్గంలో 100. దాన్ని ఇంటి విస్తీర్ణంతోనూ, కట్టిన కాలం, కట్టడం తీరు, వాడకం, ఉండేది ఎవరు అన్నవాటికి ఇచ్చిన గుణకాలతోనూ హెచ్చవేస్తారు. ఈ వివరాలన్నీ నింపేది యజమానే. సొంతానికి ఉంటున్నానంటే గుణకం 1, అద్దెకిచ్చానంటే 2. కింద వ్యాపారం నడుస్తుంటే వాడకం గుణకం ఏకంగా 4.

అమ్మేవాడు తన ఇంటి గురించి తానే చెప్పుకున్న లెక్కకు ముట్టిన డబ్బు, రసీదంటే అంతే. అద్దెకిచ్చిన ఇంటిని సొంత వాడకమని రాసినా, మీద వేసిన గదిని విస్తీర్ణంలో కలపకపోయినా, పన్ను కట్టిన సంవత్సరానికి కూడా బకాయి పుట్టుకొస్తుంది. మహిళలకు, వృద్ధులకు ఇచ్చే 30 శాతం రాయితీ ఆ రసీదులో ఉందేమో కూడా చూడాలి. అది యజమానిని చూసి ఇచ్చేది, ఇంటితోపాటు చేతులు మారదు.

బకాయి మాత్రం ఇంటితోపాటే వస్తుంది. 1957 నాటి ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఆస్తి పన్ను ఆ ఆస్తి మీదే మొదటి చార్జి. అమ్మకం తేదీ దాకా పన్నులు కట్టాల్సింది అమ్మేవాడేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది, నిజమే. కానీ డబ్బు ముట్టాక ఆయన కొడుకు దగ్గరికి కెనడా వెళ్లిపోతే, ఆ సెక్షన్ పట్టుకుని ఎవరి తలుపు తట్టాలి?

కొన్నవాడు గెలిచిన కేసు కూడా ఉంది. అహ్మదాబాద్‌లో కోర్టు వేలంలో కొన్న ఇంటి మీద పాత బకాయి కోసం కార్పొరేషన్ వెంటపడితే, ఆ బాకీ సంగతి కొన్నవాడికి తెలిసినట్టు భావించలేమని 1971లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయితే ఆ మాట అనిపించుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. పైగా ఇప్పుడు ఢిల్లీలో ప్రతి ఆస్తికీ యూపిక్ అనే గుర్తింపు నంబరు ఉంది, రికార్డు ఆన్‌లైన్‌లో ఉంది. నాకు తెలియదంటే నమ్మించడం కష్టం.

గురుగ్రామ్‌లో దారి వేరు. హర్యానాలో నో డ్యూస్ సర్టిఫికెట్ లేనిదే పట్టణ ఆస్తికి రిజిస్ట్రీ జరగదు. అయితే ప్రాపర్టీ ఐడీలో పేరో విస్తీర్ణమో తప్పు పడితే అది దిద్దించుకునే దాకా బేరం ఆగాల్సిందే. నోయిడాలో కార్పొరేషనే లేదు. అక్కడ అడగాల్సింది అథారిటీకి లీజ్ రెంట్ కట్టారా అని. యమున దాటినవాళ్లకు ఇది తట్టదు.

2025లో ఢిల్లీ కార్పొరేషన్ సునియో పథకం తెచ్చింది. ఆ ఏడాదిదీ, అంతకు ముందు ఐదేళ్లదీ అసలు పన్ను కడితే చాలు, వడ్డీ, జరిమానా, ఇంకా పాత బకాయిలు మాఫీ. ఏటా జూన్‌లోపే కట్టేసినవాళ్లకు ఒళ్లు మండి ఉంటుంది. అమ్మే ఆయన ఈ పథకంలో తేల్చుకున్నానంటే ఆరేళ్ల రసీదులూ చేతికి తీసుకోవాలి, ఒక్క ఏడాది తగ్గినా బేరంలోంచి ఆ మేరకు డబ్బు ఆపుకోవాలి.

రిజిస్ట్రీ అయ్యాక మూడు నెలల్లోపు చేతులు మారిన సంగతి కార్పొరేషన్‌కు ఇద్దరూ తెలపాలని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. తెలపకపోతే అమ్మినాయన మీద పన్ను బాధ్యత అలాగే కొనసాగుతుంది. రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ దరఖాస్తుకు వెంట రమ్మంటే విసుక్కునే అమ్మకందారుకు ఈ ముక్క ఒకసారి చదివి వినిపిస్తే సరి.