గుంజ కుళ్ళేది ఎక్కడ?

పాలమూరు పొడిగాలిలో కట్టె అంత తొందరగా చెడదు. గద్వాల పాత ఇళ్ళ దర్వాజాలైనా, వనపర్తి పల్లెల్లో మూలకు పడ్డ బండి చక్రాలైనా ఎండకు పగుళ్ళిస్తాయి గాని కుళ్ళవు. అందులోంచే ఒక ముక్క కోసి, నాచు, ఫెర్నులు పెంచే గాజు తొట్టిలో పెడితే కథ మారుతుంది. కట్టె సరైనది కాకుంటే గోటితో గిల్లినా ఊడొస్తుంది. అందుకే టెరేరియం మొదలుపెట్టేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఇదే: తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నిలిచే కట్టె ఏది?

పశువుల కొట్టం గుంజ చూసి రమ్మంటాను. పైభాగం పొడిగా ఉంటుంది కాబట్టి బాగుంటుంది. లోతుగా పాతిన భాగానికి గాలి అంతగా తగలదు కాబట్టి అదీ కొంతకాలం ఆగుతుంది. కుళ్ళేది నేలమట్టం దగ్గర, ఆ జానెడు మేరే. కట్టెను తినే శిలీంధ్రానికి నీరు, గాలి రెండూ కావాలి. కట్టెలో తేమ 20 శాతం లోపుంటే అది ఎదగలేదు, పూర్తిగా మునిగితే దానికి ఊపిరాడదు. నేరేడు చెక్క బావి నీళ్ళలో ఏళ్ళ తరబడి నిలవడానికి దాని గట్టిదనంతో పాటు ఇదీ ఓ కారణం. గాజు తొట్టిలో మాత్రం తప్పించుకునే చోటు లేదు. అడుగు నుంచి మూత దాకా అంతా ఆ జానెడు మేరే.

కాబట్టి చెట్టు పేరు కన్నా చేవ ఎంత ఉందన్నదే ముఖ్యం. చెట్టు ముదిరేకొద్దీ నడిమి చెక్కలో, అంటే చేవలో, టానిన్ల వంటి చేదు పదార్థాలు నింపుకుంటుంది. అవి శిలీంధ్రానికి గిట్టవు. చుట్టూ ఉండే తెల్లచెక్కలో పిండి, చక్కెర ఉంటాయి, దానికి అదే విందు. లేత టేకు తెల్లచెక్క కన్నా ముదురు తుమ్మ చేవ నాకు నయం. వేపకు చెద పట్టదు కదా అంటారు. తొట్టిలో చెదలు లేవు, అక్కడి శత్రువు వేరు.

అగ్గువకు దొరికేవి మన చుట్టూనే ఉన్నాయి. ట్రాక్టర్లు వచ్చాక మూలన పడ్డ నాగళ్ళు, బండి చక్రాల ముక్కలు చాలావరకు నల్లతుమ్మవే. పాత ఇల్లు పడగొడితే టేకు, చండ్ర దొరుకుతాయి. చెరువు శిఖాల్లో మొలిచి బొగ్గుల బట్టీలకు పోయే సర్కారు తుమ్మలో లావాటి మొద్దు ఎంచుకుంటే లోపల ముదురు గోధుమరంగు చేవ ఉంటుంది. సన్న కొమ్మలు వద్దు. తాటి మొద్దులో గట్టిదనం బయటి నల్ల అంచులో ఉంటుంది, లోపలిది మెత్తన. మామిడి, మునగ, వెదురు జోలికి పోవద్దు. అక్వేరియం దుకాణంలో తూకానికి అమ్మే మలేసియా కట్టె మంచిదే గాని ధర ఎక్కువ. వేళ్ళు విప్పినట్టుండే స్పైడర్ వుడ్ చూపుకు ముచ్చట, తేమలో మాత్రం త్వరగా బూజు పడుతుంది.

కృష్ణ వరద తగ్గాక బీచుపల్లి ఒడ్డున చిక్కే కట్టె నాకు మరీ ఇష్టం. మెత్తనిదంతా నీళ్ళలోనే అరిగిపోయి గట్టిది మిగులుతుంది. నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళకు నల్లమల దగ్గరే, అయినా అక్కడి నుంచి పుల్ల కూడా తేవద్దు. అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా మల్లెల తీర్థం దగ్గర పడి ఉన్న ఎండు మొద్దు నాచుకు, పురుగులకు ఇల్లు. మన గాజు పెట్టె దానికి నకలు మాత్రమే.

తెచ్చిన కట్టెకు రంగు గాని, చెద కోసం పూసిన పాత ఇంజిన్ ఆయిల్ గాని అంటి ఉంటే పక్కన పడేయండి. లేకుంటే తెల్లచెక్క చెక్కేసి, నీళ్ళు మారుస్తూ ఉడకబెట్టండి. మొదట్లో తెల్లబూజు వస్తే కంగారు వద్దు, పైనున్న చక్కెరలు అయిపోతే అదే తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కట్టె కొసను మట్టిలో పాతొద్దు. నీళ్ళు పీల్చేది కోసిన కొసే. పాత మండువా ఇళ్ళలో స్తంభం కింద రాతి దిమ్మ పెట్టింది అందుకే. తొట్టిలోనూ ఒక గ్రానైట్ పలుకు మీద నిలబెట్టండి.

1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్, మూసిన సీసాలో తడిమట్టిలో చిమ్మట ప్యూపాను పెడితే ఫెర్ను మొలిచింది. టెరేరియం చరిత్ర అక్కడినుంచే చెబుతారు. ఆ ఫెర్నుకు కట్టెతో పని పడలేదు. కట్టె మన కంటి కోసం. చేవ ఉన్నది దొరక్కపోతే అప్పు చేసి కొనకండి, రాయి పెట్టండి. పాలమూరులో దానికి కరువు లేదు.