జానపద చిత్రముల కథాశిల్పము

తోటమాలి కొడుకు తోటరాముడు ఉజ్జయిని రాజకుమార్తెను వలచెను. రాజు వానికి మరణదండన విధింపబోయి, కూతురి కన్నీటికి కొంత మెత్తబడి, నాతో తులతూగు సంపద గడించి వచ్చినచో పిల్లనిత్తునని పంతము పెట్టెను. 1951లో విజయావారు వెలువరించిన 'పాతాళభైరవి' చిత్రమునందలి గుహలును, మాయలును, రాత్రికి రాత్రి వెలసిన మేడలును, ఆకసమున కెగసిపోయిన సౌధములును సమస్తమును ఈ యొక్క పంతమునుండియే పుట్టినవి. ఇతడిప్పు డిచటికేల వచ్చెనని ప్రేక్షకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన యగత్యము ఒక్క ఘట్టమునందైనను కలుగనీయక ఆ కథను కూర్చినవారు పింగళి నాగేంద్రరావుగారు. దానిని తెరపై నడిపినవారు కె.వి. రెడ్డిగారు. ఈ జంటకు సాటియైన జంట మన చలనచిత్రసీమలో మరల పుట్టలేదని నేను పక్షపాతముతోనే వ్రాయుచున్నాను. ఇట్టి పక్షపాతమును దాచుకొనుట నాకు చేతగాదు.

ఈ కథ యెచటనుండి వచ్చినదను విచారణ యందు నాకంత యాసక్తి లేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథల'నుండి కొంతయు, అల్లావుద్దీను అద్భుతదీపమునుండి కొంతయు గ్రహించిరని చెప్పుదురు; కావచ్చును. బలి యీయదలచినవాడే బలియగుట యను మలుపు మాత్రము అంతకంటె ప్రాచీనమైనది. సన్న్యాసి తన్ను సాష్టాంగపడుమనగా, రాజులకది తెలియదు, నీవే చేసి చూపుమని విక్రమార్కుడు వాని శిరస్సు ఖండించిన భేతాళకథ యెరుగనివారు మనలో నెవరు? ఆ విక్రమార్కుని ఉజ్జయినియే తోటరాముని ఉజ్జయినియు నగుట యాదృచ్ఛికమని నేను నమ్మను.

ఇక శిల్పము మాట. జానపద కథను నడుపువాడు నాయకుడని పలువురి భ్రమ. నడుపువాడు మాంత్రికుడు. ఎస్.వి. రంగారావుగారు ధరించిన నేపాళ మాంత్రికుడు ఊరక దుష్టుడై పండ్లు కొరుకువాడు కాడు. వానికొక కోరిక గలదు, ఆ కోరిక తీరుటకొక నియమము గలదు. సాహసియైన యువకుని బలి యిచ్చినగాని పాతాళభైరవి ప్రసన్నురాలు కాదు. ధనము కావలసిన సాహసి యొకవైపు, సాహసి కావలసిన మాంత్రికు డొకవైపు: ఇరువురి యవసరములును ఒకే ముడిలో బిగిసినవి. ఆ మాంత్రికుడు 'డింభకా' యని పిలిచిన పిలుపులో తండ్రి లాలనయు, కసాయి లెక్కయు కలిసి వినబడునట్లు పలికిన ఆ మహానటుని కంఠమును గూర్చి యొక గ్రంథమే వ్రాయవచ్చును గాని, నేటికి మన ప్రస్తావన అది కాదు.

కొలనిలో మకరి శాపము తీరి అప్సరసయై, మాంత్రికుని యంతరంగమును రామునకు వెల్లడించెను. బలి తిరుగబడెను, పాతాళభైరవి ప్రతిమ రామునిచేత జిక్కెను, సిరులు వచ్చెను, రాజు పెండ్లికి సమ్మతించెను. సామాన్య రచయిత యిచట మంగళము పాడును. పింగళివారు పాడలేదు. శిష్యుడు సదాజప సంజీవనితో గురువును బ్రదికించెను. రాజుగారి బావమరది యొకడు రాజకుమారిపై నాసపడి ప్రతిమను దొంగిలించి మాంత్రికున కప్పగించెను. ఆ ప్రతిమ కొక ధర్మముండుటను గమనింపుడు: అది యెవని చేతనున్న వాని యాజ్ఞను శిరసావహించును, మంచిచెడ్డలు విచారింపదు. ఈ ధర్మమువలననే కథ రెండవ సగము పుట్టినది. మొదటి సగమున ఏ శక్తిచేత రాముడు సంపదను, భార్య కాబోవుదానిని పొందెనో, ఆ శక్తిచేతనే రెండవ సగమున సర్వమును గోల్పోయెను. ఇప్పుడు వాని చేత మంత్రము లేదు, ధనము లేదు. మిగిలినది మొదటినుండియు వానిదైన సాహసమొక్కటే. రాజు పెట్టిన షరతు సంపదకు సంబంధించినది. కథ పెట్టిన పరీక్ష మనుష్యునకు సంబంధించినది. ఈ రెండింటికిని గల వ్యత్యాసమును ఒక్క సంభాషణయందైనను చెప్పక చూపుట పింగళివారి గొప్పతనము.

హాస్యమును జూడుడు. రేలంగిగారి శూరసేనుడు ప్రతిమను దొంగిలింపనిచో కథ ముందునకు సాగదు; పద్మనాభముగారి సదాజప లేనిచో మాంత్రికుడు లేవడు; బాలకృష్ణగారి అంజి సదాజప వేషము ధరించి, రాజకుమారి మనసు గెలువవలెనన్నచో గడ్డము తీసివేయవలెనని మాంత్రికుని నమ్మింపనిచో వాని శక్తి యుడుగదు. ముగ్గురును నవ్వించువారే, ముగ్గురును కథకు కీలులే. బాలకృష్ణగారు జీవితాంతము 'అంజిగాడు'గనే పిలువబడిరనిన, ఆ పాత్ర జనహృదయమున నెంత లోతుగ పాతుకొన్నదో యూహింపవచ్చును.

రెడ్డిగారు చిత్రీకరణకు పూర్వమే గడియారము చేతబట్టి ప్రతి సన్నివేశపు నిడివిని నిర్ణయించువారని ఆయన సాహచర్యము నెరిగినవారు చెప్పుకొందురు. అట్టి లెక్క లేనిదే ఇంతటి బిగువు రాదు. అంతకు ముందే 1949లో 'గుణసుందరి కథ'లో షేక్స్పియరు లియర్ రాజును తెలుగింటి మువ్వురు కూతుళ్ల తండ్రిని గావించి, మహేంద్రమణి యన్వేషణతో దానిని జానపదముగ మలచిన ఘనతయు ఈ దర్శకునిదే. 1961 నాటి 'జగదేకవీరుని కథ'లో నాయకుని వింతకోరికయే దేశబహిష్కారమునకు హేతువై, ఆ బహిష్కారమే కోరిక తీరుటకు త్రోవయైనది.

విఠలాచార్యగారి యభిమానులు నాపై నలుగుదురని తెలియును. 'బందిపోటు', 'చిక్కడు దొరకడు', 'గండికోట రహస్యం' వంటి చిత్రములను స్వల్పవ్యయముతో తీసి పల్లెపల్లెను పరవశింపజేసిన ఆ మహానుభావునకు నేను నమస్కరింతును. నటుడెవడైన రాక పేచీ పెట్టినచో, ఆ పాత్రను చిలుకగనో మేకగనో మార్చి కథ నడిపించెడివారని ఆయనను గూర్చి యొక ముచ్చట ప్రచారములో గలదు. నిజమో కల్పనయో గాని, అందొక విమర్శ దాగియున్నది: నాయకుడు చిలుకయైనను కథ చెడకుండుట దర్శకుని చాతుర్యమునకు నిదర్శనము, నాయకుడున్నను లేకున్నను కథకు భేదము లేకుండుట మాత్రము లోపము. తోటరాముని చిలుకను జేసి చూడుడు, 'పాతాళభైరవి' యొక్క యడుగైన నడువదు.

నేటి స్థితిని తలచుకొన్న కడుపు మండుచున్నది. కంప్యూటరు యంత్రమున కొండలు కూలుచున్నవి, నాగులు లేచుచున్నవి, సముద్రములు చీలుచున్నవి. ఆ మాయకు హద్దేమి, దానికి చెల్లింపవలసిన మూల్యమేమి యని యడుగువాడు లేడు. 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ'లో మాయల ఫకీరంతటివాడు గడగడలాడించినను, వాని ప్రాణము చిలుకలో నున్నదను నియమ మొకటి యుండెను. బుర్రకథ విన్న పామరునకును ఆ నియమము కంఠస్థము. నేటి మాంత్రికునకు ప్రాణమెచటను లేదు, కోరికయు లేదు. ఎర్రని కన్నులు మాత్రము గలవు. నాయకుడు తొలి సన్నివేశముననే నూర్గురిని విసరివేయును, కనుక వానికేమియు కాదని చంటిపిల్లలకును తెలియును. హాస్యగాని కథ వేరుగ నడచి, కోసివేసినను చిత్రమునకు నష్టములేని తోకయగుచున్నది. దీనిని జానపదమని పిలుచుటకు నా కలము సమ్మతింపదు. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు చేతనున్న కొలది సాధనములతో 'పాతాళభైరవి' మాయలను నిర్మించుకొన్న దినములలో, ప్రతి మాయకును ఖర్చుండెను గనుక ప్రతి మాయకును కారణమును వెదకిరి. ఖర్చు తగ్గిన పిదప కారణమునుగూడ తగ్గించుకొంటిమి.

ఈ కథాశిల్ప వంశము పూర్తిగ నశించినదని నేననజాలను. రెడ్డిగారి యొద్ద సహాయకుడుగ పనిచేసిన సింగీతము శ్రీనివాసరావుగారు, రావి కొండలరావుగారి రచనతో 1994లో 'భైరవద్వీపము' తీసిరి. అందు నాయకుడు ప్రేయసిని రక్షించుటకు తన రూపమును ధారవోసి కురూపి యగును. ఇచ్చినది తక్కువది కాదు, తిరిగి పొందుట సులభము కాదు. ఆ సన్నివేశమున నాకు గురుముఖమున నేర్చిన విద్య కనబడినది. చిత్రసీమలో నూతనముగ కలము పట్టు యువకులను నేను ప్రార్థించునది యొక్కటే: యంత్రము ముందు కూర్చుండుటకు ముందు 'పాతాళభైరవి'ని కాగితము మీద సన్నివేశము వెంట సన్నివేశముగ వ్రాసికొని, ఏ యొక్కదానినైన తీసివేసి, పిదప వచ్చునది నిలుచునేమో పరీక్షింపుడు; అటుపిమ్మట మీ కథనును అట్లే పరీక్షింపుడు.