గ్లాసున్నరకి మూడు

ఎంఈడీ దరఖాస్తులు మొదలవగానే మా మండలంలో కుర్ర టీచర్లు అడిగే ప్రశ్న ఒకటే. "బీఈడీ ఉంది, ఉద్యోగం వచ్చింది. ఇంకో రెండేళ్లు కూర్చుని ఎంఈడీ చదవడం ఎందుకు మేడం?" డైట్‌లోనో బీఈడీ కాలేజీలోనో చెప్పాలనుకునేవాళ్లకి అది ఉండాల్సిన అర్హత. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. బళ్లోనే ఉండిపోయే టీచరుకి దానివల్ల ఒరిగేదేమిటన్నదే వాళ్ల సందేహం. ఉద్యోగంలో ఉండగా సెలవు పెట్టి చదివినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. బీఈడీలో పాఠం ఎలా చెప్పాలో నేర్పారు. ఆ పాఠం ఆ తరగతిలో, ఆ వరసలో ఎందుకు ఉందో, దాన్ని అక్కడ ఎవరు పెట్టారో అడగడం నాకు ఎంఈడీలో అలవాటైంది.

2015 నుంచి ఎంఈడీ రెండేళ్ల కోర్సయింది. అంతకుముందు ఏడాదే. తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, గణాంకాలు, ఇంటర్న్‌షిప్, డిసర్టేషన్ అన్నీ ఉంటాయి. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం విద్యాప్రణాళిక పేపరు.

షికాగో విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ టైలర్ అనే ఆచార్యుడు తన క్లాసుకోసం తయారుచేసుకున్న సిలబస్‌ని 1949లో పుస్తకంగా వేశాడు. నూట ముప్పై పేజీలు కూడా ఉండదు. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. బడి ఏం సాధించాలనుకుంటోంది? అందుకు పిల్లలకి ఎలాంటి అనుభవాలు కల్పించాలి? వాటిని ఏ వరసలో పెట్టాలి? సాధించామో లేదో ఎలా తెలుస్తుంది? మనం రాసే వార్షిక ప్రణాళిక, పాఠ్యపథకం, ప్రశ్నపత్రానికి ముందు వేసే బ్లూప్రింట్, వీటన్నిటి అడుగునా ఉన్నవి ఈ నాలుగే. టైలర్ దగ్గర పనిచేసిన బెంజమిన్ బ్లూమ్ 1956లో బోధన లక్ష్యాల వర్గీకరణ తెచ్చాడు. 1957-58లో ఆయన మన దేశం వచ్చి పరీక్షల సంస్కరణ మీద వర్క్‌షాపులు నడిపాడు. బీఈడీలో మనమంతా రాత్రుళ్లు కూర్చుని రికార్డుల నిండా రాసిన 'లక్ష్యాలు, స్పష్టీకరణలు' ఆ దారినే మనదాకా వచ్చాయి. రికార్డు రాస్తున్నప్పుడే ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఒక కాలంలో కొందరు మనుషులు ఆలోచించి చేసిన ప్రతిపాదన అది అని తెలిస్తే, దానితో వాదించొచ్చు, దాన్ని మార్చొచ్చు అన్న ధైర్యం టీచరుకి వస్తుంది.

నేను ఎక్కువకాలం ఆగిపోయింది టైలర్ మూడో ప్రశ్న దగ్గర, వరస దగ్గర. ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. భిన్నాలు వచ్చేసరికి, అంతదాకా ఉత్సాహంగా ఉన్న పిల్లలు కూడా తలలు దించేసుకుంటారు. మా డిసర్టేషన్ గైడ్‌తో ఈ మాటంటే ఆవిడ నాచేత ఒక పరిశోధన పత్రం చదివించారు. బ్రెజిల్లో రెసీఫె నగరంలో టెరెజీన్యా కారహెర్, డేవిడ్ కారహెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు చేసి, 1985లో అచ్చువేసిన పని అది. వాళ్లు చూసింది ఐదుగురంటే ఐదుగురు పిల్లల్ని. అందరూ వీధుల్లోనో సంతలోనో సరుకులమ్మే ఇళ్ల పిల్లలు. పరిశోధకులు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి బేరమాడుతూ లెక్కలడిగారు. అలా అడిగిన 63 లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పారు. తర్వాత అవే అంకెలు కాగితం మీద పెడితే సరైనవి 37 శాతం.

అందులో పన్నెండేళ్ల కుర్రాడొకడు కొబ్బరికాయలమ్ముతాడు. కాయ 35 క్రూజేరోలు. నాలుగు కాయలు కావాలంటే, మూడింటికి 105 అనుకుని, దానికి 30 కలిపి 135 చేసి, మిగిలిన ఐదూ వేసి 140 అని చెప్పేశాడు. అదే పిల్లవాడికి 35 ఇంటూ 4 కాగితం మీద ఇస్తే, నాలుగైదులు ఇరవై, రెండు దగ్గరుంచుకుని, ఆ రెండునీ మూడుతో ముందే కలిపేసి ఐదు చేసి, దాన్ని నాలుగుతో గుణించి 200 అని రాశాడు. బడి వాడికి లెక్క నేర్పే లోపల, వాడికి వచ్చిన లెక్కని పక్కన పెట్టించింది. ఈ పేజీ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

"ప్రశ్నావళి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్కొక్క పిల్ల పక్కనా కూర్చోండి" అన్నారు గైడ్. కూర్చున్నాను. మా వైపు చాలామంది తల్లులు రొయ్యల షెడ్లలో పనికి వెళతారు. ఒక పాపని అడిగాను, పొద్దున వంట ఎవరు చేస్తారమ్మా అని.

"నేనే టీచర్. అమ్మ తెల్లారకుండానే షెడ్డుకి వెళ్లిపోద్ది."

"బియ్యం ఎన్ని పోస్తావు?"

"గ్లాసున్నర."

"నీళ్లు?"

"మూడు."

"డబ్బాలో ముప్పావు గ్లాసే ఉన్నాయనుకో?"

"గ్లాసున్నర నీళ్లు." ఆలోచించడానికి ఆగలేదు కూడా.

నోట్సులో ఒకటిన్నరని భిన్నంగా రాసి, పక్కన ఇంటూ రెండు అని పెట్టి ఇచ్చాను. ఆ పిల్ల రెండుతో ముందున్న ఒకటిని, గీత పైనున్న ఒకటిని, గీత కిందున్న రెండుని, మూడింటినీ గుణించింది. రెండు, దాని పక్కన నాలుగింట రెండు అని జవాబు వచ్చింది. పెన్సిల్ కింద పెట్టేసి నా వైపు చూసింది. తప్పనిగానీ ఒప్పనిగానీ ఆ మొహంలో ఏమీ లేదు. "గ్లాసున్నర బియ్యానికి ఇన్ని నీళ్లు పోస్తే ఏమవుద్ది?" అన్నాను. ఈసారి కాగితాన్ని కాసేపు చూసింది. "రెండున్నరేగా టీచర్? చాలవు. అన్నం పలుకుంటది" అని, రబ్బరు తీసి తుడిచేసింది. ఎందుకు తప్పయిందో నేను చెప్పలేదు. ఆ పిల్లే మళ్లీ చేసుకుంది.

భారం లేని చదువు గురించి యశ్‌పాల్ కమిటీ 1993లో చెప్పింది. బడి చదువుని బయటి బతుకుతో కలపాలని 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం మొదటి సూత్రంగానే పెట్టుకుంది. దాన్ని అనుసరించి 2011లో అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పరిధి పత్రం వచ్చింది. ట్రైనింగుల్లో ఈ వాక్యాలు ఎన్నోసార్లు విన్నాం. రబ్బరు పట్టుకున్న ఆ పిల్ల పక్కన కూర్చున్నాకే నాకు వాటి బరువు అర్థమైంది.

అందుకే డిసర్టేషన్ మాటెత్తితే నాకు కోపం ఆగదు. నాతో చదివినవాళ్లలో కొందరు పాత డిసర్టేషన్‌కి ఊరి పేరు, జిల్లా పేరు మార్పించి బైండింగ్ చేయించుకున్నారు. నాకూ చేయించి పెడతామన్నారు. వైవాలో ఎవరూ గట్టిగా అడగరని ధీమా. రెండేళ్ల చదువులో టీచరు తన తరగతిలోని ప్రశ్నని తానే పట్టుకుని, తన చేతులతో తవ్వి చూసే చోటు అదొక్కటే. దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటే ఇక చదివిందేమిటి? సొంతంగా రాసినవాటిలోనూ చాలావరకు ఫలానా విషయం మీద ఉపాధ్యాయుల అభిప్రాయాలు, కొన్ని శాతాలు, ఒక పట్టిక. ఒక్క పిల్ల గొంతు కూడా వినపడదు.

గిజుభాయ్ బధేకా గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' 1932లో వచ్చింది. తెలుగులో 'పగటికల'గా దొరుకుతుంది. ఒక టీచరు విద్యాధికారి దగ్గరకెళ్లి, నాలుగో తరగతి నాకు ఒక్క ఏడాది అప్పగించండి, నా పద్ధతిలో చెప్పి చూస్తానని అడిగి తీసుకుంటాడు. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో, తోటి టీచర్లు ఏమన్నారో అన్నీ చెబుతాడు. కల్పనే, అయినా ఎంఈడీలో చేరేవాళ్లు సినాప్సిస్ రాసేముందు చదవాల్సిన పుస్తకం నా లెక్కలో అదే. ఇంగ్లీషు పుస్తకాలు చూసి వెనకాడే తెలుగు మీడియం టీచర్లకి మరీనూ.

మొన్న స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఈ గ్లాసున్నర సంగతి చెప్పి, భిన్నాల గుణకారం కొలతలతో మొదలుపెడదామన్నాను. పక్క ఊరి బడిలో లెక్కలు చెప్పే టీచరు ఒప్పుకోలేదు. "ఆ పాపకి పదకొండేళ్లు మేడం. ఆ వయసులో తెల్లారి లేచి వండుతోందంటే మనకి బాధ కలగాలి. దాన్ని మనం పాఠం చేసి, ఆడపిల్లకి వంట లెక్క, మగపిల్లాడికి సంత లెక్క అని బోర్డు మీద రాద్దామా?" అంది. మీటింగు కాసేపు నిశ్శబ్దమైపోయింది.

ఆవిడ ఎంఈడీ చదవలేదు. కానీ ఫిలిప్ జాక్సన్ 1968లోనే పేరుపెట్టిన, పుస్తకంలో లేకుండానే బడి నేర్పేసే 'దాగి ఉన్న విద్యాప్రణాళిక' గురించీ, బడిలో చెబుతున్నది ఎవరి జ్ఞానమని 1979లో మైకేల్ ఆపిల్ వేసిన ప్రశ్న గురించీ ఆవిడ ఒక్క మాటలో మాట్లాడేసింది. ఇంటి బతుకుని తరగతిలోకి తెస్తే, ఆ బతుకులోని అన్యాయం కూడా దాంతోపాటే లోపలికొస్తుంది. తేకపోతే ఆ పిల్లకి వచ్చిన లెక్క గుమ్మం బయటే ఉండిపోతుంది. నా మటుకు నేను గ్లాసులు మగపిల్లల చేతికే ముందిచ్చి కొలిపిస్తున్నాను. వాళ్లలో సగంమందికి ఎసరు ఎంత పెట్టాలో తెలియదు, ఆడపిల్లలు చెబుతున్నారు. ఇది చాలదంటుంది ఆవిడ. కాగితపు పట్టీలు మడతపెట్టి మొదలుపెడితే అందరికీ సమానంగా ఉంటుందని ఆవిడ వాదన. అలా మొదలుపెట్టినా, ఎవరికి ఏం వచ్చో మనం అడగనే అడగమని నా వాదన.

దసరా సెలవులలోపు ఆవిడ క్లాసుకీ నా క్లాసుకీ ఒకే ప్రశ్నలిచ్చి, పిల్లలు ఎలా చేశారో ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదువుదామని అనుకున్నాం. ప్రశ్నలు ఆవిడే తయారుచేస్తోంది.