పుండు పడని వీపు

పక్షవాతంతో ఆరు నెలలుగా మంచం మీదే ఉన్న పెద్దాయన వీపు మీద ఒక్క పుండూ లేదంటే, అది అదృష్టం అనుకోకండి. పగలూ రాత్రీ గడియారం చూసుకుంటూ పనిచేసిన ఒక జత చేతుల గొప్పతనం అది. గుండె ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు బంధువులంతా చెప్పుకుంటారు. ఆ వీపును కాపాడిన సిస్టర్ పేరు డిశ్చార్జి నాటికి ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. తప్పు పూర్తిగా వాళ్లదీ కాదు. మంచి నర్సింగ్ ఫలితం కంటికి కనబడదు. రాని పుండు, జారిపడని మనిషి, ఊపిరితిత్తుల్లోకి పోని గంజి మెతుకు, ఇవి ఏ రిపోర్టులోనూ ఉండవు. అందుకే ఆ పనికి ‘సేవ’ అని పేరుపెట్టి దండం పెడతాం, జీతం దగ్గరకొచ్చేసరికి బేరమాడతాం. మనసు మంచిదైనంత మాత్రాన చేతికి అబ్బే పని కాదిది. ఏళ్లు పట్టి నేర్చుకునే విద్య. దాన్ని విద్యగా చూడనంతకాలం మన పెద్దల ఒళ్లు పని తెలియనివాళ్ల చేతుల్లో నలుగుతూనే ఉంటుంది.

ఈ విద్య చరిత్ర ఫ్లారెన్స్ నైటింగేల్ దగ్గర మొదలైందని కొందరంటారు, మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసని మరికొందరంటారు. ఆ తగువు అలా ఉంచుదాం. వృద్ధుల నర్సింగ్‌కు కొలమానం ఇచ్చిన మహాతల్లి మాత్రం బ్రిటన్ నర్సు డోరీన్ నార్టన్. ముసలివాళ్ల వార్డంటే ఎవరికీ పట్టని రోజుల్లో ఆమె అక్కడి పనినే పరిశోధనాంశం చేసుకున్నారు. సహచరులతో కలిసి 1962లో వెలువరించిన అధ్యయనంలో ఐదంటే ఐదు విషయాలు అడిగారు: ఒంట్లో సత్తువ ఎంత, తెలివి ఎలా ఉంది, నడవగలరా, మంచంలో తమంతట తాము కదలగలరా, మలమూత్రాల మీద అదుపు ఉందా? ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు. మొత్తం 20లో 14కు దిగితే పుండు పొంచి ఉన్నట్టే. యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు, నర్సు కన్నే సాధనం. 1987లో అమెరికా నర్సులు బార్బరా బ్రేడెన్, నాన్సీ బర్గ్‌స్ట్రామ్ ఈ దారిలోనే ఇంకా నాణ్యమైన కొలతను లోకం ముందుంచారు. పుండు పడ్డాక మందు రాసేవాళ్లు ఎందరైనా దొరుకుతారు, పడకముందే పసిగట్టడం నేర్పినవాళ్లు వీళ్లు.

ఇక పనితనం చూడండి. రెండు గంటలకోసారి పక్క మార్చాలని అందరూ అంటారు, ఎలా మార్చాలన్నదే విద్య. ముసలి చర్మం ఉల్లిపొర లాంటిది. దుప్పటి మీద ఈడిస్తే లోపలి పొరలు చిట్లుతాయి, కాబట్టి ఎత్తి జరపాలి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, అందుకని ముప్పై డిగ్రీల వాలు చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వకూడదు. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా బీపీ చూడాలి. పై అంకె 20 పడిపోయిందంటే ఆ మనిషి బాత్రూం దారిలో కూలిపోవచ్చు. అన్నిటికన్నా సూక్ష్మమైనది మరొకటుంది. పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ సోకినా జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా మనవల పేర్లు చెప్పిన మనిషి ఇవాళ హఠాత్తుగా తికమకపడితే, ఇంట్లోవాళ్లు ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటారు. మంచి నర్సు మాత్రం మూత్రంలో ఇన్‌ఫెక్షనా, ఒంట్లో నీరు తగ్గిందా, కొత్త మాత్రల ప్రభావమా అని వెతుకుతుంది.

కన్నబిడ్డల ప్రేమ ముందు ఈ కొలతలెంత అనేవాళ్లున్నారు. ప్రేమ విలువ కాదనను. కానీ ఊపిరితిత్తుల్లోకి పోతాయని తెలియక, ప్రేమతోనే కదా పడుకున్న తల్లి నోట్లో నీళ్లు పోసేది! నర్సింగ్ ప్రేమను పక్కకు నెట్టదు, దానికి దారి చూపుతుంది. అమెరికాలోని యేల్ ఆస్పత్రిలో 70 ఏళ్లు దాటిన 852 మందితో చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. వృద్ధుల నర్సింగ్ నిపుణురాలు, వలంటీర్లు ఉన్న బృందం అక్కడ చేసినవి చిన్న పనులే: కళ్లజోడు, వినికిడి యంత్రం అందించడం, రోజూ నడిపించడం, నీళ్లు తాగించడం, నిద్రమాత్ర బదులు వెచ్చని పాలు, వీపు మర్దన. హఠాత్తుగా మతి తప్పేవాళ్లు నూటికి 15 నుంచి పదికి తగ్గారు.

ఖర్చు భరించలేమన్నది రెండో అభ్యంతరం. దీనికి మేరీ నేలర్ అనే నర్సు అదే ఏడాది ఫిలడెల్ఫియా అధ్యయనంతో జవాబిచ్చారు. పైచదువు చదివిన నర్సులు ఆస్పత్రి నుంచి ఇంటిదాకా వెంట ఉండి చూసుకున్న వృద్ధుల్లో, 24 వారాల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్లు 20 శాతమే. మామూలు పద్ధతిలో అది 37 శాతం. మొత్తం ఖర్చు దాదాపు సగానికి దిగింది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం తొమ్మిది ఐరోపా దేశాల లెక్కలు తీసి 2014లో చెప్పింది ఇంకా కఠినమైన నిజం. నర్సు మీద ఒక్క రోగి భారం అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు నెల లోపు మరణించే ముప్పు 7 శాతం ఎక్కువగా కనిపించింది. నర్సుల్ని తగ్గించి మిగిల్చే డబ్బు ఎవరి ప్రాణం మీంచి తీస్తున్నదో ఇక వేరే చెప్పాలా?

మన దగ్గర జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు గుంటూరులోనో హైదరాబాదులోనో. నడుమ ఒక ఏజెన్సీ. నిన్నటిదాకా ఏ శిక్షణా లేని పిల్లకు యూనిఫాం తొడిగి, ‘నర్సు’ అని ఇంటికి పంపి, కమీషన్ కోసుకుంటుంది. ఆ పిల్లను నిందించను. పన్నెండు గంటలు గొడ్డుచాకిరీ చేసే ఆమే ఈ వ్యాపారానికి మొదటి బలి. అన్నం పెట్టి, తోడుండే సహాయకులూ కావాలి, వాళ్లకూ గౌరవం దక్కాలి. కానీ మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమానో, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన మనిషి బిరుదును ఇలా అద్దెకివ్వడం మోసం. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైబడ్డారు. 2023లో నర్సింగ్‌కు కొత్త జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆ చట్టం పట్టు ఇంటి గడప దాకా రావాలి, వృద్ధుల నర్సింగ్‌లో ప్రత్యేక శిక్షణ పెరగాలి, దానికి తగ్గ జీతం ఉండాలి.

అంతదాకా, ఇది చదివినవాళ్లు ఒక పని చేయండి. ఇంటికి నర్సును పంపుతామన్నవాళ్లను నెలకెంత అని అడిగే ముందు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. వచ్చినామె మొదటిరోజు దుప్పటి తొలగించి పెద్దాయన మడమలు చూసిందా? ఆమె అడిగిన జీతం దగ్గర ఇక బేరమాడకండి.