వైకుంఠం చిత్రాల్లో స్త్రీ: రంగూ, కూర్పూ

రాంగోపాల్‌పేట్‌లో పోలీసు స్టేషన్ గడియారం దాటి జనరల్ బజార్ వైపు నడిస్తే వరసగా బట్టల దుకాణాలు. అందులో ఒక చీరల దుకాణంలో, గల్లాపెట్టెకు పైగా, తోట వైకుంఠం గారి చిత్రానికి అచ్చు ప్రతి ఒకటి చట్రం కట్టించి పెట్టారు. నల్లని మొహం, నుదుట రూపాయి బిళ్ళంత ఎర్రబొట్టు, కొప్పులో పూలు, నిండుగా కప్పుకున్న చీర. చీరలు కొనవచ్చిన వాళ్ళు ఆ బొమ్మ చూసి మురిసిపోతున్నారు. దుకాణం ఊడ్చే ముసలమ్మను "ఎట్లున్నదమ్మా బొమ్మ?" అని అడిగాను. "మా ఊరి మనిషే బిడ్డా. గాని పండుగనాడు దిగిన ఫోటో లెక్కున్నది" అన్నది. నేను చెప్పదలచుకున్నదంతా ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. అయినా విమర్శకుడికి వివరించే వ్యసనం వుంటుంది గనుక సాగిస్తాను.

వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదు లలితకళల కళాశాలలోనూ, తరువాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్దనూ చదువుకున్నారు. ఆయన స్త్రీలను చూడగానే "జానపదం" అని ఊరుకోవటం మనవారికి అలవాటయింది. అది సగం నిజం. మిగతా సగానికి ఫ్రాన్సు దాకా వెళ్ళాలి. ఇంప్రెషనిస్టులు వస్తువును వెలుగులో కరిగించి వదిలేస్తే, 1880 తరువాత గోగాన్, వాన్ గోగ్ దాన్ని మళ్ళీ గట్టిపరిచారు. రంగును ఒకే పరపుగా పరచి, చుట్టూ ముదురు గీతతో బిగించారు. రంగు ప్రకృతిలో వున్నట్లే వుండనక్కరలేదని, చిత్రానికి ఏది అవసరమో అది వుండవచ్చునని నిలబెట్టారు. వైకుంఠం చీరల ఎరుపులోనూ, కాషాయంలోనూ ఈ స్వేచ్ఛ వుంది. ఒక్క ఒంటి రంగు దగ్గర మాత్రం ఆయన పరపును నమ్ముకోరు. చాలా చిత్రాల్లో చెంపలమీద, మెడమీద మెత్తని నీడ మిగిలి వుంటుంది. తొలి రోజుల్లో బొగ్గుతో బొమ్మలు గీసిన చేయి అది.

ఈ రంగులు మరీ గాఢమనీ, బజారు కోసం వేసినవనీ కొందరి ఆక్షేపణ. నేను ఒప్పుకోను. ఆ పసుపు గడపకు పూసేది, ఆ ఎరుపు బొట్టుకు దిద్దేది. తెలంగాణ పల్లెలో పేదరాలికైనా అందుబాటులో వున్న వైభవం అదే. అంతకన్నా ముఖ్యమైనది నలుపు. రవివర్మ 1894లో అచ్చుకూటం పెట్టినప్పటినుంచి మన గోడలమీది దేవతలూ, నాయికలూ తెల్లబడుతూనే వచ్చారు. ఆ గోడలమీదికే వైకుంఠం నల్లని స్త్రీని తీసుకువచ్చారు. ఆమె నలుపుకు సంజాయిషీ చెప్పుకోలేదు. ఇది చిన్న పని కాదు.

చిక్కు కూర్పులో వుంది. ఆయన స్త్రీ చిత్రఫలకాన్ని అంచుల దాకా నింపేస్తుంది. వెనక పొలం లేదు, వాకిలి లేదు. పక్క చూపుగా తిరిగిన తల, బరువైన కొప్పు, పెదవులు. చేతులు కనపడితే వాటిలో ఒక చిలకో, తమలపాకో. ఒకప్పుడు దొరల నిలువెత్తు పటాలకే దక్కిన స్థలమంతా ఈమెకు దక్కింది. కాని ఆ గౌరవానికి ఆమె చెల్లించిన వెల, తన పని. నాటు వేసిన చేతులు ఫలకానికి బయటే వుండిపోయాయి.

పరపు రంగులూ, బిగువైన గీతా వున్నచోట శ్రమకు చోటుండదా? వాన్ గోగ్ "ఉయ్యాల ఊపే స్త్రీ" చూడండి. ఆర్ల్ రైల్వే స్టేషన్లో తపాలా ఉద్యోగి రూలాన్ భార్య ఒగుస్తీన్‌ను 1888 డిసెంబరులో మొదలుపెట్టి, 1889 మార్చిలోపల అయిదుసార్లు చిత్రించాడు. ఎర్రని నేల, ఆకుపచ్చని దుస్తులు, నారింజ జుట్టు, వెనక గోడనిండా పువ్వులు. అక్కడా పొలం లేదు, అక్కడా స్త్రీ ఫలకాన్ని నింపింది. కాని ఆమె చేతిలో ఒక తాడు వుంది. ఉయ్యాల మనకు కనపడదు. తాడు ఒక్కటే కనపడుతుంది. చీర ఉయ్యాల కట్టి, తాడు లాగుతూ చేటలో బియ్యం చెరిగే తల్లిని చూసిన మనకు దాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఎరుపు ఆకుపచ్చల పోరు మధ్య ఆ తాడే చిత్రాన్ని నిలబెట్టింది. తమాషా ఏమిటంటే, ఇది చవక బజారులో అమ్మే అచ్చు బొమ్మలా వుందని వాన్ గోగే రాసుకున్నాడు, అదేమీ తప్పనుకోలేదు. సముద్రంమీది జాలర్లు ఓడ గదిలో దీన్ని చూసి తల్లి జోలను తలచుకోవాలని ఆయన కోరిక. కనుక చీరల దుకాణం గోడ వైకుంఠం చిత్రానికి అవమానమని నేననను.

వైకుంఠానికి ఈ సంగతి తెలియదనీ అనలేము. బి. నర్సింగరావు "దాసి" సినిమాకు (1988) కళాదర్శకుడు ఆయనే. జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఆ గడిలో ప్రతి వస్తువూ ఎవరో మోసినదీ, ఎవరో తోమినదీ అని తెలుస్తూనే వుంటుంది. గదులను అట్లా అమర్చిన కన్ను రంగుల స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పక్కకు తిరిగింది? గిరాకీ అని ఒక్క మాటతో తేల్చేయటం సులభం. నాకు మాత్రం ఆయన ఎరుపులో కనపడే సంతోషం అబద్ధమనిపించదు. బొగ్గు వదిలి రంగు పట్టుకున్న మనిషికి పండుగనాడే ముందు కనపడి వుంటుంది. మర్నాటి పొద్దున ఆ స్త్రీ చీపురో, కొడవలో అందుకోగా చూడాలని నాకూ, ఆ దుకాణంలోని ముసలమ్మకూ వుంది.