గోడ మీద బొగ్గు లెక్క

ఒడిశా కొరాపుట్ జిల్లాలో బొయిపరిగుడ సంత దాటి గోవిందపల్లి వైపు పోతే రోడ్డు వారగా ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో మేస్త్రి మాకు వరసకేమీ కాడు, అయినా ఊరందరికీ మామయ్యే. బండి ఇంకా మలుపులో ఉండగానే చప్పుడు విని, "స్లో జెట్టు మూసుకుపోనాది" అనేవాడు. విప్పి చూస్తే అదే. నా ఆర్‌ఎక్స్ 100 కార్బొరేటర్‌ని మొదటిసారి నాచేత విప్పించింది ఆయనే. బండి అందుకునేదాకా తాను స్టూలు మీంచి లేవలేదు, చెయ్యి వెయ్యలేదు.

1936 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, ఇక్కడి షెడ్లలో సగం తిట్లు ఇప్పటికీ తెలుగులోనే. ఇక కార్బొరేటర్ పుట్టుక అంటారా, బెంజ్ అంటారు, మేబాక్ అంటారు, హంగేరీవాళ్లు తమవాళ్ల పేర్లు చెబుతారు. ఎవరైతేనేం! సన్నటి గొంతులోంచి గాలి దూసుకుపోతే అక్కడ ఒత్తిడి తగ్గి, కింది గిన్నెలో పెట్రోలు జెట్ల గుండా పైకి లేచి తుంపరై కలుస్తుంది. గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. సెన్సర్లు లేవు, కరెంటు అక్కర్లేదు. ఒక స్లైడు, ఒక సూది, రెండు ఇత్తడి జెట్లు, ఒక ఫ్లోటు, అంతే. (బుల్లెట్ వాళ్లది గుడగుడ, మాది పాట. ఈ విషయంలో నాతో వాదించకండి.)

ఆ మొదటిసారి, విప్పేముందు మామయ్య నన్ను ఎయిర్ స్క్రూని మెల్లగా బిగిస్తూ, ఎన్ని తిప్పులకు అడుగు ఆనిందో లెక్కపెట్టమన్నాడు. ఒకటిన్నర. గోడ మీద బొగ్గుతో రాయించాడు. తర్వాత బౌల్ స్క్రూలు. అవి మన ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ జపాన్ కొలతవి. బజారు స్క్రూడ్రైవర్ గాట్లో పూర్తిగా కూర్చోదు, జారి తల నలిపేస్తుంది. మామయ్య దగ్గర కొన అరగదీసిన స్క్రూడ్రైవర్ ఒకటుండేది, దాన్ని ఎవరికీ అరువివ్వడు. గిన్నె ఊడదీస్తే అడుగున పాత పెట్రోలు బెల్లం పాకంలా పట్టి ఉంది.

జెట్టు కన్నంలో పెట్టడానికి నేను గుండుసూది తీశాను. చేతి మీద ఒక్కటి చరిచాడు.

"ఇత్తడి మెత్తన బాబూ. ఉక్కు పెట్టావంటే కన్నం పెద్దదైపోద్ది, జన్మంతా పెట్రోలు తాగుద్ది."

చేపల గాలానికి కట్టే నైలాన్ దారం ఇచ్చాడు. జెట్టుని వెలుగుకెత్తితే చుక్క గుండ్రంగా కనబడేదాకా వదల్లేదు. ఫ్లోటుని చెవి దగ్గర ఊపించాడు, లోపల పెట్రోలు కదిలితే అది పనికిరాదు. ఫ్లోటు సూది కొన మీద గీత పడితే మార్చాల్సిందే. అన్నీ బిగించాక కార్బొరేటర్ని తలకిందులు చేసి పెట్రోలు పైపులో నోటితో ఊదించాడు. గాలి పోలేదు. అంటే సూది మూస్తోంది, ఓవర్‌ఫ్లో ఉండదు.

మామయ్య అసలు గొప్పతనం ఘాటీ దగ్గర తెలిసేది. సాలూరులో శుభ్రంగా నడిచే బండి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి దాటేసరికి మసి కక్కుతుంది. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. గాలి పలచన, పెట్రోలు మాత్రం పాత లెక్కే. స్లైడులోని సూదికుండే క్లిప్పుని ఒక గాడి పైకి మారిస్తే సూది దిగి పెట్రోలు తగ్గుతుంది. ప్లగ్గు విప్పి టీ రంగు తిరిగిందా లేదా చూసేవాడు. విశాఖ దిగేవాళ్లని మాత్రం క్లిప్పు మళ్లీ మార్చుకోమని వెంటబడి చెప్పేవాడు. పెట్రోలు చాలకపోతే టూ స్ట్రోక్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చింది, కొత్త బళ్లకు ఇంజెక్షన్ వచ్చింది. రానీ. నా మంట దాని మీద కాదు, నకిలీ కిట్ల మీద. జెట్టు మీద నంబరు ఒకటి, కన్నం ఇంకొకటి! ప్యాకింగు వారానికే ఉబ్బిపోతుంది. పైగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తోంది. దానికి మందు మంచి రబ్బరు వెయ్యడం. మనవాళ్లేమో కార్బొరేటర్‌నే పీకి తుక్కులో పారేసి, పోతనుసి రాలే నకిలీది తగిలిస్తున్నారు. అయ్యా, ఆ అసలు మికునీ బాడీని తుక్కువాడికి ఇవ్వకండి! సూది మార్చండి, ఓరింగు మార్చండి, జెట్లు కడగండి. తెలియకపోతే ఇంకా మిగిలిన ఏ ముసలి మేస్త్రి దగ్గరైనా ఒక పూట కూర్చోండి.

ఆ రోజు మూడో కిక్కుకి బండి అందుకుంది. ఎగరలేకపోయాను గానీ ఎగిరినంత పనైంది. మామయ్య అప్పుడు స్టూలు మీంచి లేచాడు. కళ్లు మూసుకుని, ఎయిర్ స్క్రూని ఇంకో పావు వెనక్కి తిప్పాడు. ఐడ్లింగ్ ఒక్కసారి కుదుటపడింది. గోడ దగ్గరికెళ్లి అరచేత్తో నా ఒకటిన్నరని చెరిపి, బొగ్గుముక్క నా చేతికిచ్చాడు.

"ఒకటీ ముప్పావు. రాయి."